లంకావి వెళ్దామని బయల్దేరి.. పెనాంగ్‌లో వానకు చిక్కాం!

అక్టోబర్‌లో మలేసియా పశ్చిమ తీరానికి టికెట్లు చవగ్గా కనిపిస్తే వెంటనే బుక్ కొట్టేయకండి. అవి ఎందుకు చవకో నాకు పెనాంగ్ ఎయిర్‌పోర్ట్‌లో తెలిసింది. అక్కడ ఎక్కువ వానలు పడే నెలల్లో అదొకటి. అద్దాల బయట ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తోంది.

ముందు బోర్డు మీద 'డిలే' అని పడింది. నాలుగు గంటల తర్వాత 'క్యాన్సిల్'. లంకావికి మళ్లీ సీట్లున్నది రెండు రోజులాగాకే అన్నారు. నా ఎక్సెల్ షీట్‌లో పెనాంగ్‌కి ఇచ్చింది ఒక్క రాత్రి. అసలు ట్రిప్పంతా లంకావిలోనే.. కేబుల్ కార్, స్కై బ్రిడ్జ్, బోటు, బీచ్ పక్కన రూమ్. అదీ నాన్నతో.

నాన్న తెనాలిలో 26 ఏళ్లు టిఫిన్ హోటల్ నడిపారు. నా బీటెక్ ఫీజులు ఆ పెనం మీంచి వచ్చినవే. మొన్న సంక్రాంతికి ఆ హోటల్ నేనే మూయించాను. "మోకాళ్ల నొప్పులు, తెల్లారగట్ల మూడింటికి లేవడాలు.. ఇంక చాలు నాన్నా, నా జీతం ఉందిగా" అన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. కానీ అప్పట్నుంచి ఫోన్ చేస్తే "ఆ.. బాగానే ఉన్నా" తప్ప ఇంకో మాట లేదు. ఆ గిల్ట్‌తోనే ఈ ట్రిప్ బుక్ చేశాను. ఇప్పుడు అదీ వాన పాలైంది.

ట్యాక్సీలో మళ్లీ జార్జ్‌టౌన్‌కి వచ్చాం. పెనాంగ్ దీవిలో పాత ఊరు ఇది. 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. కింద కొట్టు, పైన ఇల్లు ఉండే పాత బిల్డింగులు వీధి పొడుగూతా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ప్రతి కొట్టు ముందూ మన వసారా లాంటి నడవా ఒకటుంటుంది. దాని పేరు 'కాకి లిమా'. మన కాకి కాదులెండి! మలయ్‌లో కాకి అంటే అడుగు, లిమా అంటే ఐదు. అక్కడక్కడా బండ్లు అడ్డం పెట్టినా, గొడుగు లేకుండానే చాలా దూరం నడిచిపోవచ్చు. ఎండనీ వాననీ చూసే కట్టుకున్న ఊరది.

ఆ నడవాల్లోనే పొయ్యిలు, టీ కొట్లు. మర్నాడు పొద్దున ఒక టీ కొట్టు దగ్గర నాన్న ఆగిపోయారు. లోపలాయన 'తే తారిక్' పోస్తున్నాడు. తారిక్ అంటే లాగడం. కండెన్స్‌డ్ మిల్క్ వేసిన టీని ఒక మగ్గులోంచి ఇంకోదాంట్లోకి చెయ్యెత్తి మరీ లాగి పోస్తారు. పక్కన ఇంకొకాయన 'రోటీ చనాయ్' పిండిని గాల్లో విసిరి పల్చగా సాగదీస్తున్నాడు. చూస్తే మన పరోటానే.

"ఎన్ని గంటలు నానబెట్టారు?" నాన్న తమిళంలో అడిగారు! పెళ్లికి ముందు మూడేళ్లు మద్రాసు హోటళ్లలో పనిచేశారని తెలుసుగానీ, ఆయన తమిళం మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. టీ కొట్టాయనా తమిళుడే. వెంటనే స్టూలు జరిపాడు. పది నిమిషాల్లో ఇద్దరూ పిండి, నూనె, గ్యాస్ ధరల్లోకి వెళ్లిపోయారు. పది నెలల్లో నాన్న అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. నేను ఎక్సెల్ షీట్ మూసేశాను.

ఆ రెండ్రోజులూ మా గైడ్ ఆ టీ కొట్టాయనే. ముందు 'నాసి కండార్'కి పంపాడు. నాసి అంటే అన్నం. కండార్ అంటే భుజం మీద మోసే కావడి. ఒకప్పుడు తమిళ ముస్లిం వ్యాపారులు ఒకవైపు అన్నం, ఇంకోవైపు కూరలు కావడికి తగిలించుకుని వీధుల్లో అమ్మేవారట. 1907 నాటి నాసి కండార్ హోటల్ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోస్తారు. ఇంకా ఎక్కువ కావాలంటే 'బాంజిర్' అనాలి. బాంజిర్ అంటే వరద! రోడ్డు మీదొక వరద, ప్లేట్లో ఒక వరద.

మధ్యాహ్నం 'ఆసమ్ లక్సా'. చేపను ఉడికించి, ముళ్లు తీసి, చింతపండు పులుసులో కలిపేస్తారు. అందులో లావుపాటి బియ్యం నూడుల్స్, పుదీనా, అనాసపండు ముక్కలు, పైన నల్లటి రొయ్యల ముద్ద. మొదటి స్పూన్‌కి నా మొహం ఎలా పెట్టానో తెలీదు. నాన్న మాత్రం గిన్నె ఖాళీ చేసి, "పులుసే కదరా. మనం అన్నంలో పోసుకుంటాం, వీళ్లు నూడుల్స్‌లో పోసుకున్నారు. అంతే" అన్నారు.

అసలు సంగతి సాయంత్రం జరిగింది. 'చార్ క్వే తియో' కోసం ఒక కోపిటియామ్‌కి, అంటే కాఫీ కొట్టుకి వెళ్లాం. అక్కడ పద్ధతేంటంటే, టీ కాఫీలు కొట్టు యజమానివి. చుట్టూ ఉన్న ఒక్కో బండీ ఒక్కొక్కరిది. ఒక్కో బండి మీద ఒకటో రెండో ఐటమ్స్, అంతే. ఏ టేబుల్‌లో కూర్చున్నామో చెబితే తెచ్చిస్తారు. చార్ క్వే తియో అంటే వెడల్పాటి బియ్యం నూడుల్స్‌ని రొయ్యలు, గుడ్డు, మొలకలు వేసి పెద్ద మంట మీద వేయించడం. పంది కొవ్వులో వేయించేవాళ్లు ఎక్కువ, వద్దనుకుంటే ముందే అడగండి. మేం అడిగే కూర్చున్నాం.

బండి దగ్గర డెబ్భై ఏళ్లుండే ఆవిడ. ముందు పదిహేను ఆర్డర్లు. ఆవిడ మాత్రం ఒక్కో ప్లేటే వేస్తోంది. నాలోని ఇంజనీర్ ఊరుకోడుగా! "నాలుగు ప్లేట్లు ఒకేసారి వేస్తే క్యూ పావుగంటలో అయిపోద్ది కదా" అన్నాను.

నాన్న నావైపు తిరిగారు. "నాలుగు ప్లేట్లది ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడిపోద్దిరా. అప్పుడది వేగదు, ఉడుకుద్ది. ఆ మాడు వాసన రాదు. మన పెనం మీద నీళ్లు చిలకరించేది ఎందుకనుకున్నావ్? వేడి చూసుకోడానికే. జనం ఆగలేకపోతున్నారని ఆవిడ తొందరపడిందనుకో, రేపట్నుంచి ఎవరూ ఆగరు."

ఇరవై ఏళ్లు ఆ హోటల్లోనే హోంవర్క్ చేసుకున్నవాణ్ని. ఆయనకింత లెక్క ఉందని ఏనాడూ అడగలేదు. నాకు కనపడింది మోకాళ్ల నొప్పులు మాత్రమే.

ప్లేటు వచ్చాక తిని చూస్తే ఆయన చెప్పిన ఆ వాసన తెలిసింది. మేం వెళ్లినప్పుడు ప్లేటు ఏడెనిమిది రింగిట్లు. పెనాంగ్‌లో ఈ తిండిని ఎంత పట్టించుకుంటారంటే, హాకర్ బండ్ల దగ్గర విదేశీయులు ప్రధాన వంటవాళ్లుగా ఉండకూడదని 2016 నుంచి రూలే పెట్టారు. కానీ రూలు పెడితే వండేవాళ్లు పుడతారా? ఆ రాత్రి టీ కొట్టాయన్ని నాన్న అదే అడిగారు, మీ తర్వాత ఎవరని. "కొడుకు సింగపూర్‌లో ఉన్నాడు. కంప్యూటర్ జాబ్" అన్నాడాయన. నాన్న నన్ను చూపించి పెద్దగా నవ్వారు. ఆయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మూడో రోజు వాన తెరిపిచ్చింది. లంకావి ఫ్లైట్ ఉందని మెసేజ్. నాన్నకి చెబితే, "సముద్రమేగా. మన సూర్యలంకలో లేదా?" అన్నారు. టికెట్లు వదిలేసుకున్నాం. మిగతా రోజులూ పెనాంగ్‌లోనే తిన్నాం, తడిశాం.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకి మలేసియాలో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. డిజిటల్ అరైవల్ కార్డ్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో నింపాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు ఒకసారి చూసుకోండి. ప్లాన్‌లో ఒకట్రెండు రోజులు ఖాళీగా వదిలేయండి. వాన పడితే కాకి లిమా కిందే నడవండి, వాసన వచ్చిన చోట ఆగండి.

హైదరాబాద్ వచ్చాక పోయిన ఆదివారం నాన్నకి ఫోన్ చేశాను. "పెసరట్టుకి పెసలు ఎన్ని గంటలు నానాలి?" అని అడిగాను. కాసేపు అటువైపు చప్పుడు లేదు.

"ఫోన్లో చెప్తే వచ్చేది కాదులే. శనివారం రా. పెనం ఇంకా అమ్మలేదు" అన్నారు.