ఇంగ్లండు పానశాలలును మన సారాయంగళ్లును

సీమకు పోయి చదువుకొని వచ్చిన మన యువకులలో కొందరు ఈ నడుమ నొక వాదమును చేయుచున్నారు. "దోషము మద్యమునందు లేదు, దానిని అమ్ము చోటునందును త్రాగు తీరునందును కలదు. ఇంగ్లండులో పబ్బు లేని యూరు అరుదు. అక్కడ భార్యాభర్తలు కలిసి కూర్చుండి, భుజించి, మాటలాడుకొని, వేళకు ఇల్లు చేరుదురు. మన యంగళ్లనుగూడ ఆ విధముగా తీర్చినచో సంసారములు చెడవు" అని వారందురు. ఈ వాదము వినుటకు సొంపుగనే యున్నది. సొంపైన వాదమును మరింత జాగ్రత్తగా పరీక్షింపవలెను. మేము నెల్లూరు జిల్లా పడమటి భాగమున, అనుమసముద్రంపేటకు కొలది దూరమున నున్న పల్లెలో పుట్టి పెరిగినవారము. సారాయంగడి యననేమో పుస్తకములవలన నేర్చుకొనవలసిన యవసరము మాకు లేదు. కొంతకాలము క్రిందట మా కుమార్తె కాపురమున్న ఇంగ్లండునకు పోయి, కొన్ని నెలలచ్చట నుండి, లండనులోను పల్లెలలోను పదునాలుగు పబ్బులను చూచితిమి. రెండు విధముల చోటులను ఎరిగినవారము గనుక మా తీర్పును చదువరుల యెదుట నుంచుచున్నాము.

పబ్బు అనుమాట 'ప్రజల యిల్లు' అను నర్థము గల యింగ్లీషు పదమునకు ముద్దుపేరు. పేరునకు తగినట్లే దాని లోపలి యమరిక యంగడివలె గాక యింటివలె నుండును. చలిమంట, బల్లలు, పాత పటములు, ఒక మూల నిదురించు కుక్క. లండనులో థేమ్సునదికి దక్షిణపు టొడ్డున, సదర్కులో, 'జార్జి' యను పాత సత్రము కలదు. 1676వ సంవత్సరపు అగ్నిప్రమాదములో కాలిపోగా మరుసటియేడు మరల కట్టిరి. కొయ్య వసారాలతో నది నేటికిని నిలిచి, జాతీయ సంపదగా కాపాడబడుచున్నది. పబ్బులను తూచి మంచి చెడ్డలు నిర్ణయించుట ఆ దేశమువారికి గౌరవమైన వ్యాసంగమే. జార్జి ఆర్వెల్ అను ప్రసిద్ధ రచయిత 1946లో నొక పత్రికలో తన మనసునకు నచ్చిన పబ్బును వర్ణించెను. అందు రేడియో మ్రోయదు. పరిచారికలకు వచ్చినవారి పేర్లు తెలియును. వెనుక తోట యుండుటచే కుటుంబమంతయు రావచ్చును. అంతయు చెప్పి, అట్టి పబ్బు ఎచ్చటను లేదని తుదకు తేల్చెను! మేమును ఆయన మార్గముననే పానీయము, భోజనము, మర్యాద అను మూడు పరీక్షలను పెట్టుకొంటిమి.

మొదటిది పానీయము. మేము త్రాగువారము కాము. అయినను రుచి చూడక తీర్పు చెప్పుట న్యాయము కాదని, మా అల్లుని గ్లాసునుండి ఒక్కొక్క గుక్క పుచ్చుకొంటిమి. అచ్చటి పాతకాలపు బీరును ఏలు అందురు. అది పీపాయిలోనే తుదిసారి పులిసి, నేలమాళిగ చల్లదనముతో, అనగా ఇంచుమించు 12 డిగ్రీల వేడిమితో, చేతిపంపు ద్వారా పైకి వచ్చును. మంచుగడ్డవంటి చల్లదనము గాని, పొంగిపొరలు నురుగు గాని దానికి లేవు. కాకరకాయ చేదు, వేయించిన బార్లీగింజల వాసన, చివర కొంచెము తీపి: ఇది మా నాలుకకు తెలిసిన రుచి. పెద్ద కంపెనీలు ఈ పద్ధతిని విడనాడుచుండగా, 1971లో కొందరు పౌరులు సంఘముగా నేర్పడి దానిని నిలిపిరి. ఆ సంఘమువారు ఏటేట మంచి పబ్బుల పట్టికను అచ్చువేయుచున్నారు. ఒక పల్లె పబ్బులో మాత్రము మా అల్లునికి వచ్చిన గ్లాసు నిలువ మజ్జిగవలె పుల్లగా నుండెను. అతడు చెప్పగానే అచ్చటి యువతి మారుమాటాడక దానిని పారబోసి, వేరొకటి తెచ్చి యిచ్చెను. గ్లాసు కొలత పైంటు, అనగా 568 మిల్లీలీటర్లు. గ్లాసుపై ప్రభుత్వముద్ర యుండును. కొన్నవానికి రావలసిన కొలత వచ్చితీరవలెను.

రెండవది భోజనము. ఈ విషయమున మేము కఠినముగా చెప్పక తప్పదు. నెల్లూరు చేపల పులుసు తిని పెరిగిన నాలుకకు, ఉప్పు కారములు ఎరుగని ఆ చేపముక్కయు, ఉడికించిన పచ్చబఠాణీలును ఉపవాసదీక్షవలె తోచినవి. మాంసము కూరిన పిండివంటకము నొకచోట మెచ్చుకొంటిమి. మరియొకచోట పైన మాడి లోపల చల్లగా నుండెను. రొట్టె, జున్ను, ఉల్లిపాయ, ఊరగాయ ఒక పళ్లెములో పెట్టి, దానిని 'దున్నువాని భోజనము' అని యమ్ముదురు. తాతలనాటి ఆచారమనుకొని తింటిమి గాని, ఆ పేరును ఊరూర వ్యాపింపజేసినది జున్ను వర్తకుల ప్రచారమేయనియు, అదియు 1950 తరువాతి మాటయేయనియు పిమ్మట తెలిసినది. ఆదివారపు మధ్యాహ్న భోజనము మాత్రము వేరు. తాత మొదలు మనుమనివరకు ఒకే బల్లచుట్టు చేరి తినుట చూచి సంతోషించితిమి. వెల మాత్రము మన లెక్కకు గుండె జారునట్లుండును.

మూడవది మర్యాద. అచ్చట సాధారణముగా వడ్డించువారు బల్లయొద్దకు రారు. మనమే అమ్మకపు బల్లకు పోయి, సొమ్ము ముందుగా చెల్లించి తెచ్చుకొనవలెను. అందరును గుంపుగా నిలిచియుందురు. అయినను ఎవరు ముందు వచ్చిరో ఎవరు వెనుక వచ్చిరో ఆ పరిచారిక కన్ను మరువదు. ఆమె మరచినను, నిలిచినవారే "ముందు వీరు" అని చూపుదురు. ఈ యొక్క గుణమునకే మేము వారికి నూటికి నూరు మార్కులు వేసితిమి. పదునెనిమిదేండ్లు నిండనివారికి మద్యమమ్మరాదు. మత్తెక్కిన వానికి మరల పోయుట చట్టము ప్రకారము నేరము. మూయువేళ సమీపింపగానే గంట మ్రోగింతురు. మా ధర్మపత్ని వీటినన్నిటిని చూచి, ముఖ్యముగా స్త్రీలు భయము లేక ఒంటరిగా వచ్చి కూర్చుండుట చూచి, మెచ్చుకొనెను. కాని వెలుపలికి వచ్చుచు ఆమె యడిగిన ప్రశ్న మా మనసున నాటుకొనినది: "ఏమండీ, బీరు బాగుందా, కూడు బాగుందా అని పొద్దుట్నుంచీ రాసుకుంటున్నారు. ఇక్కడ తాగినాయన ఇల్లు చేరేటప్పటికి జేబులో ఎంత మిగిలిందో మాత్రం ఎవరూ రాయరేం?"

ఈ ప్రశ్నను చేతబట్టుకొని ఆ దేశచరిత్రను తిరుగవేసితిమి. ఇప్పటి పబ్బుమర్యాద ఇంగ్లీషువారికి పుట్టుకతో వచ్చినది కాదు. 18వ శతాబ్దపు పూర్వార్ధమున లండను పేదలు జిన్ను అను చౌకసారాలో మునిగిపోయిరి. 1736లో చేసిన కఠినశాసనము విఫలమయ్యెను. 1751 నాటి శాసనముతో గాని కొంత యదుపు కుదురలేదు. హోగార్తు అను చిత్రకారుడు ఆ సంవత్సరముననే జిన్ను వీథిని, బీరు వీథిని రెండు పటములుగా చెక్కి, మొదటిదానిలో మైకమున బిడ్డను చేజార్చిన తల్లిని చూపెను. బీరు మంచిదను నమ్మకముతో 1830లో బీరుదుకాణములకు తలుపులు బార్లా తెరువగా, దుకాణములు వేలకొలది లేచినవి. 1832లో ప్రెస్టను పట్టణమున జోసెఫు లివ్‌సీయును ఆయన సహచరులును మద్యమును పూర్తిగా విడుతుమని ప్రతిజ్ఞాపత్రముపై వ్రాళ్లు చేసిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమ్మకపు వేళలను కుదించిరి. నాడు వచ్చిన మధ్యాహ్నపు మూసివేత ఇంగ్లండులో 1988 వరకు నిలిచెను. అనగా, మన యువకులు మెచ్చుకొను ఆ నిదానము వెనుక రెండు శతాబ్దముల శాసనములును, సంస్కర్తల శ్రమయును, ఎందరో తల్లుల కన్నీరును కలవు.

ఇక మన సీమకు వత్తము. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టభూములు. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు వలస. ఇట్టిచోట సారాయంగడి యెట్లుండెను? మేము పెట్టుకొన్న మూడు పరీక్షలనే దానికిని పెట్టుదము. పానీయమా? ప్లాస్టికు పొట్లములో నేమి పోసిరో త్రాగువాడెరుగడు. భోజనమా? అంగడిముందు మిరపకాయ బజ్జీలు, ఉడికిన గుడ్లు. త్రాగినవాని యింట మాత్రము పొయ్యిలో పిల్లి. మర్యాదయా? అప్పు పెట్టుటలో మాత్రము ఆ యంగడివారి మర్యాదకు సాటి లేదు. చెవి కమ్మలు, ఇత్తడి బిందె, కడకు గొఱ్ఱెపిల్లవరకు ఆ ఖాతాకు చెల్లు పడుచుండెను. మా పొలమున పనిచేసిన కూలివాని భార్య, కూలి యిచ్చు దినమున బిడ్డను చంకనెత్తుకొని, అంగడికి ఇరువది గజముల దూరమున చింతచెట్టుక్రింద నిలుచుండెడిది. లోపలికి పోవుటకు ఆమెకు హక్కులేదు, ఇంటికి పోవుటకు ధైర్యములేదు. భర్త చేతిలో మిగిలినదానిని అడిగి పుచ్చుకొనుటకై ఆమె నిలుచున్న నిలుపు మాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఆ చెట్టుక్రింది స్త్రీలే తుదకు అంగడి తలుపు మూయించిరి. 1990–91 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము సాగెను. పగలు పొలములో వంగి పనిచేసిన యాడువారు రాత్రి దీపముచుట్టు చేరి అక్షరములు దిద్దిరి. ఆ వాచకములోని త్రాగుబోతు భర్త గల స్త్రీ కథను చదువుచు, "ఇది మన కథయే గదా" అనుకొనిరి. కలిగిరి మండలము దూబగుంటలో స్త్రీలు రోశమ్మగారి వంటివారు ముందునడువగా అంగడిని మూయించిరి. ఆ విజయమే మరల పాఠమై ఇతర గ్రామములకు చేరెను. 1992లో జిల్లా సారా వేలముపాటలు స్త్రీల ప్రతిఘటనచే పలుమార్లు ఆగిపోయెను. 1993 ఏప్రిలు 15వ తేదీన నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. రెండేండ్లు దాటగనే, 1997లో, అది సడలిపోయెను. రోశమ్మగారు 2016లో గతించిరి.

నిషేధము మనకు క్రొత్తది కాదు, దాని జారుటయు క్రొత్తది కాదు. 1937లో సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ మద్యనిషేధ విషయమునందే ఒక్క వోటు తేడాతో పడిపోయెను. ప్రతిసారియు వినవచ్చిన మాట యొక్కటే: ఖజానాకు రాబడి తగ్గునని. 2019 అక్టోబరునుండి ఆంధ్రప్రదేశములో ప్రభుత్వమే మద్యపు దుకాణములను నడిపెను. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి పోయెను. ప్రభుత్వము అంగడి నడుపుట తప్పని మేమనము. ఇంగ్లండులో కార్లైలు పట్టణమున 1916 మొదలు 1973 వరకు ప్రభుత్వమే పబ్బులను నడిపినది. తుపాకిమందు కర్మాగారపు కూలీలు త్రాగి పడిపోవుచుండగా ఆ యేర్పాటు చేసిరి. అందు నొక చక్కని కిటుకు కలదు: పబ్బు నడుపు ఉద్యోగికి బీరమ్మినందుకు లాభములో పాలు లేదు; భోజన మమ్మినందుకు కలదు. అందుచే అతడు పళ్లెము నింపుటకు యత్నించునే గాని గ్లాసు నింపుటకు తొందరపడడు. అమ్మువాని లాభము ఎటు వంగునో త్రాగువాని చేయియు అటే వంగును. మన దేశమున అమ్ము చేయి ప్రభుత్వముదైనను, ప్రైవేటువారిదైనను, సీసా సంఖ్య పెరిగిననే లాభము.

కావున మన యువకులకు మా సమాధానమిది. చలిమంటయు, చెక్కబల్లయు, ముద్రవేసిన గ్లాసును తెచ్చి మన యూళ్లలో పెట్టినంతమాత్రమున కూలివాని సంసారము నిలువదు. దినకూలిలో పాతిక భాగమో సగభాగమో మ్రింగు పానీయము ఎంత యందమైన గదిలో పోసినను మ్రింగుట మానదు. ఇంగ్లండులో సైతము నేడెందరో చౌకసీసాలను దుకాణములలో కొనుక్కొని యింటనే త్రాగుచున్నారు. పబ్బులు మూతపడుచున్నవని విచారించు పెద్దలను మేము చూచితిమి. వారు విచారించునది బీరుకొరకు గాదు. పలుకరించు మనిషికొరకు, పగలంతయు పనిచేసినవాడు సాయంకాలము కూర్చుండుటకుగల చోటుకొరకు. ఆ విచారము మాత్రము న్యాయమైనది.

ఆ చోటు మన పల్లెలో మగవానికి అంగడియొద్దనే యుండెను. ఆడుదానికి ఎచ్చటను లేకుండెను. రాత్రిబడి దీపముక్రింద ఆమెకు మొదటిసారి యొక చోటు దొరకెను. దొరికిన రెండేండ్లలోపలనే ఆమె ఏమి చేసెనో రాష్ట్రమంతయు చూచినది. అనుమసముద్రంపేట దర్గాకు హిందువులును ముసల్మానులును వచ్చి, ఒకరినొకరెరుగకపోయినను ఒకే ప్రాంగణమున రాత్రులు గడుపుదురు. అచ్చట మనుష్యులను కూర్చుటకు మద్యము అక్కరలేకున్నది. మనకు కూర్చుండు స్వభావము కలదు. కూర్చుండుటకు తగిన చోటును మనము కల్పింపలేదు.

అందుచే మేము కోరునవి చిన్నవి. ప్రతి గ్రామమునను పఠనమందిరమొకటి రాత్రి తొమ్మిదిగంటలవరకు తెరచియుండవలెను. అందు మంచి దీపము, నాలుగు పత్రికలు, వేడి తేనీరు, స్త్రీలకు సమానముగా బల్లలు నుండవలెను. కూలి యిచ్చు రైతులు భార్యాభర్తలిద్దరి యెదుటను లెక్కచెప్పి, ఎవరి కూలి వారి చేతనే పెట్టవలెను. మా పొలమున మేమీ పద్ధతిని మొదలుపెట్టి మూడేండ్లైనది. మొదట నవ్వినవారిలో ఇద్దరు రైతులు ఈ యేడు తామును అట్లే చేయుచున్నారు. ఈ పత్రికను చదువు సోదరీసోదరులలో పొలముగలవారు తమ యిండ్లలో దీనిని పరీక్షించి, ఫలమెట్లుండెనో వ్రాయుదురని ప్రార్థించుచున్నాము.