ఓవెన్ లేని ఇంట్లో చాక్లెట్ ఉండలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, ఇంట్లో చాక్లెట్ చేసే సరదా ఉంటే ఆలోపే తీర్చుకోండి. ఎందుకంటారా? చాక్లెట్ ప్రాణమంతా కోకో వెన్నలో ఉంది. ఆ వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37. నోట్లో వేసుకోగానే చాక్లెట్ జారిపోవడంలోని హాయి అంతా ఆ మూడు డిగ్రీల తేడాలోనే ఉంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఈ పని పెట్టుకుంటే బల్ల మీద పెట్టింది పెట్టినట్టే కరిగిపోతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా అయితే గచ్చూ చల్లగా ఉంటుంది, మన చేతులూ చల్లగా ఉంటాయి, చాక్లెట్ చెప్పినమాట వింటుంది.

మాకు ఓవెన్ లేదండీ అనకండి. ఈ ఉండలకి ఓవెన్ అక్కర్లేదు, పాకం కూడా అక్కర్లేదు. పాకం పట్టకుండా ఉండ కట్టడం మన వంటింటికి ఎప్పటి నుంచో తెలుసు. చిమ్మిలిని గుర్తు చేసుకోండి. దోరగా వేగిన నువ్వుల్లో బెల్లం వేసి దంచుతూ ఉంటే ఒక దశలో రోకలికి తడి మెరుపు వస్తుంది. అది నువ్వుల నూనె. ఆ నూనే, బెల్లం జిగురే ఉండని పట్టి ఉంచుతాయి. నెయ్యి వేయలేదు, నీళ్ళు పోయలేదు. నేను ఇవాళ చెప్పే ఉండల కిటుకూ అదే. నువ్వుల బదులు జీడిపప్పు, బాదంపప్పు, వేరుశెనగలు. బెల్లం బదులు ఖర్జూరం. పైన సన్నగా ఒక చాక్లెట్ పొర.

ఆ పొర దగ్గరే అసలు మాట చెప్పాలి. ఇంట్లో చేసింది కాబట్టి ఆరోగ్యం అనుకుంటాం. కానీ ఆ ఆరోగ్యం సగానికి సగం కొట్లోనే తేలిపోతుంది, మీరు ఏ చాక్లెట్ పలక కొన్నారన్న దాని మీద. చాక్లెట్లు చేసి అమ్ముతున్న మా పక్కింటి అమ్మాయి ఓ రోజు అంది, "ఆంటీ, అందరూ కాంపౌండే వాడతారు. కరిగించి అచ్చులో పోస్తే చాలు, తళతళలాడిపోతుంది" అని. తళతళలాడుతుంది, నిజమే. ఎందుకు తళతళలాడుతుందో అట్ట వెనక రాసి ఉంటుంది, అది చదవమన్నాను. కాంపౌండ్‌లో కోకో వెన్న ఉండదు. దాని చోట హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది, మామూలుగా పామ్ గింజల నూనెని గట్టిపరిచింది. కోకో వెన్నా సంతృప్త కొవ్వే, కాదనను. కాకపోతే అందులో మూడో వంతు స్టియరిక్ ఆమ్లం. అది రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచదు. పామ్ గింజల కొవ్వు పెంచుతుంది.

అట్ట చదవడం పెద్ద విద్యేం కాదు. బరువులో ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలని నిబంధన. మొదటి మాట చక్కెర అయితే మీరు కొంటున్నది ప్రధానంగా చక్కెరే. కోకో మాస్, కోకో సాలిడ్స్, కోకో బటర్ అని మొదలైతే బుట్టలో వేసుకోండి. 70 శాతం అని రాసి ఉంటే వంద గ్రాముల్లో 70 గ్రాములు కోకో గింజ నుంచి వచ్చినవి, మిగిలిన 30 దాదాపు చక్కెర. ధర ఎక్కువే. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో 10,000 డాలర్లు దాటిపోయింది. పశ్చిమ ఆఫ్రికా తోటల్లో తెగుళ్ళూ, వాతావరణమూ కలిసి పంటని దెబ్బతీశాయి. కోకో వెన్న అంత ప్రియమైనప్పుడు దాని బదులు చవక కొవ్వు కలపాలనే ఆశ ఎక్కడైనా పెరుగుతుంది. కాబట్టి మునుపు కొన్న బ్రాండే అయినా మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పి చూడండి.

అన్నట్టు, కోకో ఎక్కడో సీమదేశపు సరుకని అనుకుంటారు చాలామంది. దేశంలో కోకో అన్నిటికన్నా ఎక్కువ పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లోకి వెళ్ళి చూడండి. పైన కొబ్బరి మట్టల నీడ, ఆ నీడలో కోకో చెట్లు, కాండాన్ని అంటిపెట్టుకుని పసుపు, ఎరుపు కాయలు. ఒక కాయ కొట్టించుకుని తినండి. గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, సీతాఫలంలా తీయగా ఉండి చివర్లో కాస్త పులుపు తగులుతుంది. గింజ కొరికితే మాత్రం లోపల ఊదారంగు, కటిక చేదు, చాక్లెట్ వాసన రవ్వంత కూడా ఉండదు. ఆ గింజల్ని గుజ్జుతో సహా కుప్ప వేసి ఐదారు రోజులు పులియబెడతారు. కుప్ప లోపల చేయి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ తర్వాత ఎండబెట్టి వేయిస్తేనే మనకి తెలిసిన ఆ వాసన. ఇంత మంది ఇన్ని రోజులు పడ్డ కష్టం మీద పామ్ కొవ్వు పోసి, పాలపొడి, చక్కెర కుమ్మరించి ఆ వాసనని చంపేస్తే నాకు బాధగా ఉంటుంది.

సరే, పనిలోకి దిగుదాం. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 200 గ్రాములు. జీడిపప్పు, బాదం, వేరుశెనగ మూడూ కలిపి 150 గ్రాములు. వేయించిన నువ్వులు రెండు చెంచాలు, తీపి కలపని కోకో పొడి రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. పై పొరకి 70 శాతం చాక్లెట్ 150 గ్రాములు కరిగించండి. పట్టేది వందే, కానీ గిన్నెలో కాస్త లోతు లేకపోతే ఉండ మునగదు.

మూడింట్లో వేరుశెనగ వాటా ఎక్కువ వేసుకోమని నా సలహా. పలాస జీడిపప్పు రుచి గొప్పదే, ఖరీదూ గొప్పదే. అనంతపురం పల్లీల్లో మాంసకృత్తులు జీడిపప్పులో కంటే ఎక్కువ. ఒక్కటే జాగ్రత్త: పళ్ళెంలో పోసి ఏరండి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, బూజు వాసన వేసేవి నిర్దాక్షిణ్యంగా పారేయండి. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, కాలేయానికి హాని, వేయించినా పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేస్తున్నారంటే సంగతి చిన్నది కాదన్నమాట. ఖర్జూరాలు కూడా ఒక్కొక్కటీ విప్పి చూడాలి. గింజ తీసినవని అట్ట మీద ఉన్నా సరే. లోపల పురుగు ఉండొచ్చు, గింజముక్క ఉండొచ్చు.

పల్లీలు సన్నసెగ మీద వేయించండి. పొట్టు దానంతటది చిట్లి, పప్పు లేత గోధుమరంగుకి తిరిగితే దించేయండి, బాణలి వేడికే మిగతాది వేగుతుంది. చేటలో వేసి నలిపి చెరగండి. పూర్తిగా చల్లారాకే జీడిపప్పు, బాదంతో కలిపి మిక్సీ. వేడి మీద తిప్పితే నూనె ఒక్కసారిగా వదిలి ముద్దయిపోతుంది. ఆపి ఆపి తిప్పండి. ముందు పలుకులు, తర్వాత రవ్వ, ఆ తర్వాత జార్ గోడకి పొడి అంటుకోవడం మొదలవుతుంది. అదే గుర్తు, అక్కడ ఆపాలి. చిమ్మిలికి ఇంకా ముందుకి పోతాం, దీనికి వద్దు. పంటికి తగిలే రవ్వ ఉండాలి. ఇప్పుడు ఖర్జూరం, కోకో, ఉప్పు, నువ్వులు వేసి మళ్ళీ కాస్త తిప్పి, పిడికిట్లోకి తీసుకుని నొక్కండి. వేళ్ళ అచ్చులు పడి అలాగే నిలబడితే సరిపోయింది. రాలిపోతే ఇంకో ఖర్జూరం వేయండి, నీళ్ళు మాత్రం వద్దు. నీళ్ళు తగిలితే నిలవ ఉండదు. చిన్న ఉసిరికాయంత ఉండలు కడితే ముప్ఫై దాకా వస్తాయి.

చాక్లెట్ కరిగించడం ఒక్కటే ఓపిక పని. గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి స్టవ్ ఆపేసి, నీళ్ళకి తగలకుండా పైన ఇంకో పొడి గిన్నె పెట్టండి. మూడింట రెండు వంతుల చాక్లెట్ అందులో కరగనివ్వండి. ఆవిరి చుక్క కూడా పడకూడదు. ఒక్క చుక్క పడినా చాక్లెట్‌లోని చక్కెర తడిసి అంతా గడ్డకడుతుంది. కరిగాక దించి, మిగిలిన వంతుని సన్నగా తరిగి కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. ఈ పొడిముక్కలు ఎందుకంటే, కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. మనకి కావలసింది ఒక్కటే, మెరిసేది, విరిస్తే టక్కుమనేది. ఫ్యాక్టరీలో పోతపోసిన పలకలో ఆ రకమే ఉంటుంది. ఆ ముక్కలే కరిగినదానికి దారి చూపిస్తాయి. థర్మామీటర్ ఉంటే 31, 32 డిగ్రీలు చూడండి. లేకపోతే చెంచా కొనతో ఒక బొట్టు కింది పెదవికి దిగువన పెట్టుకోండి. వెచ్చగా అనిపిస్తే ఇంకా కలపాలి, రవ్వంత చల్లగా అనిపిస్తే ముంచడానికి సిద్ధం. ఫోర్కు మీద ఉండని ముంచి తీసి, గిన్నె అంచుకి తట్టి, బటర్ పేపర్ మీద దించడమే. ఉండల్ని ముందుగా ఫ్రిజ్‌లో గట్టిగా చల్లబెట్టకండి. చల్లని ఉండ తర్వాత వ్యాకోచించి పైపొర బీటలు వారుతుంది.

ఇక, షుగర్ ఉన్నవాళ్ళు ఎన్నయినా తినొచ్చా అని అడుగుతారు, ఖర్జూరమే కదా అని. తినకూడదండీ. ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరే. పీచు ఉంది, పొటాషియం ఉంది, అంతమాత్రాన తీపి తీపి కాకుండా పోదు. లెక్క వేసి చెబుతున్నాను: ఒక్కో ఉండలో సుమారు 5 గ్రాముల చక్కెర, అంటే చెంచా పైచిలుకు, 70, 75 కేలరీలు. పప్పులు గుండెకి మంచివన్న మాట నిజం. స్పెయిన్‌లో 7,000 మందికి పైగా పాల్గొన్న ప్రెడిమెడ్ అధ్యయనంలో ఒక బృందానికి రోజూ 30 గ్రాముల పప్పులు ఇచ్చి చూశారు, వాళ్ళలో గుండె జబ్బులు, పక్షవాతం తగ్గాయి. మన ఉండలో ఉన్న పప్పు 5 గ్రాములు. ఆ ముప్ఫై గ్రాములూ ఉండల్లోంచే రావాలంటే ఆరు తినాలి, ఆరు తింటే ఆరు చెంచాలకి పైనే చక్కెర. పప్పులు విడిగా గుప్పెడు తినండి, ఉండ ఒకటి, మహా అయితే రెండు తినండి. పాల చాక్లెట్‌లో దాదాపు సగం చక్కెరే ఉంటుందన్నది గుర్తుంచుకుంటే ఇది ఎంత నయమో మీకే తెలుస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో పప్పుని మెత్తగా పొడి చేయండి, పలుకులు గొంతుకి అడ్డం పడతాయి. ఎవరికైనా పంపేటప్పుడు వాళ్ళింట్లో పల్లీలు పడనివాళ్ళున్నారేమో ముందే కనుక్కోండి.

గాలి చొరని డబ్బాలో బయట వారం, ఫ్రిజ్‌లో మూడు వారాలు ఉంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా వెంటనే తెరవకండి, అరగంట ఆగితే పైన చెమట పట్టదు. ఎప్పుడైనా తెల్లటి మచ్చలు కనిపిస్తే బూజని పారేయకండి, అది మామూలుగా పైకి తేలిన కోకో వెన్న, తినొచ్చు.

గిన్నెలో యాభై గ్రాముల చాక్లెట్ మిగిలి ఉంటుంది కదా, గట్టిపడేలోగా అందులో చారెడు వేయించిన పల్లీలు పోసి కలిపి, చెంచాతో కుప్పలు కుప్పలుగా అదే పేపర్ మీద పెట్టండి. పైన రెండు ఉప్పు రవ్వలు చల్లండి. వీటికి ఖర్జూరం కూడా లేదు, తీపి బాగా తక్కువ. మా ఇంట్లో పెద్దవాళ్ళు ముందు అడిగేది వీటినే.