తగ్గించుట యననేమి?

ఇంగ్లీషున ‘రెడ్యూస్’ అను క్రియ యొకటి కలదు. బడిపిల్లవాడు మొదలుకొని కార్యాలయములోని గుమాస్తా వరకు నెల్లరు దాని నెఱుగుదురు. ‘తగ్గించుట’ యని యర్థము చెప్పి తృప్తి నొందుదురు. ఆ యర్థము తప్పు కాదు, సగము మాత్రమే. మిగిలిన సగము మఱచుటచే మన యిండ్లలో నొక యన్యాయము పొదుపు పేర చెల్లుచున్నదని మాకు దోచుచున్నది.

ఈ పదమునకు మూలము లాటిను. ‘రె’ యనగా మరల. ‘దూకెరె’ యనగా కొనిపోవుట. సంస్కృతమున ‘నీ’ ధాతువున కించుమించుగ నిదియే యర్థము. కావున నీ క్రియకు మొదటి యర్థము ‘ప్రత్యానయనము’, అనగా వెనుకకు గొనివచ్చుట. చిన్నది చేయుట యను నర్థము తరువాత వచ్చి చేరినది. పాత యర్థము కొన్ని శాస్త్రములలో నేటికిని నిలిచియున్నది. తొలగిన యెముకను వైద్యుడు స్వస్థానమున జేర్చినచో దానిని ‘రెడ్యూస్’ చేసె నందురు. అచట నెముక పొట్టి కాలేదు. తన చోటికి వచ్చినది. ఖనిజమునుండి ఆక్సిజనును తొలగించి లోహమును దీయుటకు రసాయన శాస్త్రమున ‘రిడక్షన్’ అని పేరు. 160 గ్రాముల ఐరన్ ఆక్సైడునుండి సుమారు 112 గ్రాముల యినుము వచ్చును. తూకము తగ్గినమాట నిజమే. కాని పోయినది ఆక్సిజను, మిగిలినది యినుము.

లెక్కల యుపాధ్యాయుడు రాని దినమున నా తరగతి మాపై బడుచుండును. నల్లబల్లపై 6/8 వ్రాసి ‘రెడ్యూస్’ చేయుడనగా పిల్లలు చురుకుగా 3/4 అని చెప్పుదురు. “విలువ తగ్గినదా?” యని యడిగినచో “తగ్గిందండీ” యనువారు పెక్కురు. అంకెలు చిన్నవైనవి గాని విలువ యణుమాత్రమును తగ్గలేదు. మన పూర్వులు దీనిని ‘అపవర్తన’ మనిరి. 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతిలో నీ మాట కలదు. నియమ మొక్కటే: పై యంకెను దేనిచే భాగించితిమో క్రింది యంకెను గూడ దానిచేతనే భాగింపవలెను. పైదానిని మాత్రమే భాగించినచో 3/8 మిగులును. విలువలో సగము పోవును.

ఇక నింటి లెక్క. మూడేండ్ల క్రిందట శస్త్రచికిత్స కొఱకు మేము అప్పు చేయవలసి వచ్చినది. మా మేలు గోరు పెద్ద లొకరు తగ్గింపుల జాబితా చెప్పిరి: రెండవ పిల్లను చదువు మాన్పించుట, పాలు సగము చేయుట, పనిమనిషిని మాన్పుట. వినుటకు మూడును పొదుపే. కాని మొదటి కోత కూతుపై, రెండవది తల్లిపిల్లలపై, మూడవది గృహిణి నడుముపై బడును. మా హోటలు కాఫీ, పెండ్లిండ్లలో మా చదివింపులు, మేము తెప్పించు పుస్తకములు ఆ జాబితాలో లేవు.

పిల్లల పాఠములు వినుచుండెడి మా గృహిణి నెమ్మదిగా ననినది: “ఏమండీ, కొట్టివేత ఒక్కవైపే చేస్తే లెక్క తప్పదూ?”

జాబితా తిరుగ వ్రాసితిమి. హోటలు కాఫీ పోయినది. చదివింపులు సగమైనవి. బడికి నడచి పోవుట మొదలిడితిమి. పాలు తగ్గినవి గాని యందఱికిని సమముగా తగ్గినవి. పనిమనిషి నిలిచినది, పిల్ల చదువును నిలిచినది. అప్పు ఇంకను కొంత కలదు. ఆ పిల్ల యిప్పుడు ఇంటర్మీడియేటు చదువుచున్నది.

సంసారమున తగ్గింపు తప్పని దినములు ప్రతి గృహస్థునకును వచ్చును. అట్టి దినమున చదువరులు కలము పట్టుటకు ముందొక్క ప్రశ్న వేసికొందురు గాక: ఈ కోతలో కలము పట్టినవాని పాలెంత? ఆ పాలు సున్నయైనచో అది తగ్గించుట గాదు. బలహీనుని భాగము హరించుట.