గువ్వలచెరువు కోవా, గువ్వలచెరువు రాయి

కడప - రాయచోటి దారిన వెళ్ళినవాళ్ళు గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనకుండా వచ్చారంటే నేను నమ్మను. ఆ రుచి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది! కానీ ఆ ఊరి పేరు మీద ఒక రాయి కూడా ఉందని తెలుసా? భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని 'గుల్చేరు క్వార్ట్‌జైట్' అంటారు. మన గువ్వలచెరువే వాళ్ళ పుస్తకాల్లో గుల్చేరు అయి కూర్చుంది.

ఈ సంగతి చెప్పింది మా ఆడపడుచు కూతురు. జియాలజీలో ఎమ్మెస్సీ చేసింది, పరిశోధన కూడా చేస్తానంటోంది. "కొండలూ గుట్టలూ తిరిగే చదువు ఆడపిల్లకెందుకే" అని మా అత్తగారి పోరు. మొన్న చలికాలంలో ముగ్గురం రాయచోటి నుంచి కడపకు కారులో వస్తూ అక్కడ ఆగాం.

రాయచోటి వైపు ఎటు చూసినా గుండ్రటి గ్రానైటు గుండ్లే. ఘాట్ దగ్గరికి వచ్చేసరికి రాతి తీరే మారిపోతుంది. అట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. అడుగు పొరల్లో నున్నటి గులకరాళ్ళు పొదిగి ఉన్నాయి.

"అవ్వా, బియ్యం కడిగితే ఏం పోతుంది?" అంది మా పిల్ల.

"తవుడూ, దుమ్మూ. ఇంకేం పోతుంది?"

"గ్రానైటుకూ అంతే అవ్వా. వాన కడిగేకొద్దీ మెత్తబడేవి పోతాయి, గట్టి గింజ మిగులుతుంది."

గ్రానైటులో తెల్లగా, గులాబీ రంగుగా కనిపించేది ఫెల్డ్‌స్పార్. గాజులా మెరిసేది పలుగురాయి. వానకు ఫెల్డ్‌స్పార్ మెల్లగా మట్టి అవుతుంది. అందులోని సోడియం, కాల్షియం ముందు కొట్టుకుపోతాయి, పొటాషియం ఇంకొంత కాలం నిలుస్తుంది. పలుగురాయి మాత్రం ఇసుకై మిగులుతుంది. ఆ ఇసుక నదుల్లో, లోతులేని సముద్రపు ఒడ్డున పొరలుగా పడి, గట్టిపడి ఈ కొండ అయింది. పులివెందుల దగ్గర దీనికన్నా పై పొరల్లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన లావా వయసే సుమారు 188 కోట్ల ఏళ్ళు. కింద ఉన్న ఈ రాయి అంతకన్నా పెద్దదన్నమాట!

ఇప్పుడు అసలు విశేషం వినండి. భూమి పైపొర ఒకే ముక్క కాదు, కదిలే పెద్ద పెద్ద పలకలు. రెండు పలకలు ఢీకొనే చోట, జపాన్‌లో లాగా, అగ్నిపర్వతాలు లేస్తాయి. అక్కడి మట్టి వాలులో గబగబా జారి సముద్రంలో పడుతుంది. సరిగా కడగని బియ్యంలా అందులో సోడియం, ఇనుము, మెగ్నీషియం మిగిలిపోతాయి. ఢీకొట్టుకోని ప్రశాంతమైన ఖండపు అంచున అయితే ఇసుక తీరిగ్గా కడగబడి సిలికాతో నిండి ఉంటుంది. సోడియం కన్నా పొటాషియం ఎక్కువ ఉంటుంది. రాయిని పొడిచేసి ఈ లెక్క చూస్తే, అది ఎలాంటి చోట పుట్టిందో అంచనా కట్టొచ్చు. 1983లో భాటియా ఆస్ట్రేలియా రాళ్ళతో ఈ పద్ధతి చూపారు. 1986లో రోసర్, కోర్ష్ అనే ఇద్దరు సిలికా, పొటాషియం, సోడియంలతో ఒక పటమే గీశారు.

మా కడప అడుగు పొరలు ఆ లెక్కలో ప్రశాంతమైన చోటునే చూపిస్తాయట. ఇసుక ఇచ్చిన తల్లి, పక్కనున్న పాత గ్రానైటు నేలే.

అయితే రాయి మోసం కూడా చేస్తుంది సుమండీ! పాత ఇసుకరాయే మళ్ళీ అరిగి కొత్త రాయైతే, ఢీకొన్న చోట కూడా శుభ్రంగానే కనబడుతుంది. ఆ తర్వాత భూమిలో పారే నీళ్ళు పొటాషియం తెచ్చి కలిపినా లెక్క తప్పుతుంది. అందుకని నీళ్ళకు అంతగా కరగని థోరియం, స్కాండియం కూడా చూస్తారు. గ్రానైటులో థోరియం ఎక్కువ, నల్లటి లావా రాయిలో స్కాండియం ఎక్కువ. అవి కూడా చాలవు, కొండకొచ్చి పొరల తీరు కళ్ళారా చూడాల్సిందే. ప్రయోగశాలలో కూర్చుంటే సగం కథే తెలుస్తుంది.

ఈ మాట విని మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. ఒక గులకరాయిని వేలితో తడిమి, "ఈ కొండలకు నువ్వొక్కదానివే తిరగాలా, తోడెవరైనా వస్తారా?" అని అడిగారు. ఎందుకు అనే మాట పోయి, ఎలా అనే మాట వచ్చింది! మన ఇళ్ళల్లో సగం పని అయినట్టే కదా.

మీరూ వెళ్ళేటప్పుడు చలికాలం ఎంచుకోండి. ఘాట్‌లో లారీలు ఎక్కువ. మలుపుల దగ్గర బండి ఆపొద్దు, రాతి కట్టవ పక్కన పిల్లల చెయ్యి వదలొద్దు. తాగే నీళ్ళు వెంట ఉంచుకోండి. రాళ్ళ మీద పేర్లు చెక్కనివ్వకండి. కోవా కొన్నాక అయిదు నిమిషాలు ఆ పొరల వైపు కూడా చూపించండి, ముఖ్యంగా ఆడపిల్లలకు.