తాడి మావయ్య మందుబిళ్ళ

పరవాడ ఫార్మాసిటీలో నేను రియాక్టర్ మీద పనిచేసేవాణ్ణి. మావయ్యది ఆ కంపెనీల నడుమ చిక్కుకుపోయిన తాడి. 2010లో ఆయనకి రక్త క్యాన్సర్ అన్నారు, సీఎంఎల్ రకం. విశాఖలో డాక్టరుగారు ఇమాటినిబ్ రాశారు.

నోవార్టిస్ వారి గ్లీవెక్ అయితే నెలకి లక్షా ఇరవై వేల దాకా. మన కంపెనీలు చేసిన అదే మందు పది వేల లోపు. 1970 పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికే తప్ప మందుకి పేటెంటు ఇవ్వలేదు. మన బల్క్ డ్రగ్ పరిశ్రమ ఆ నీడనే పెరిగింది. 2005లో మందుకీ పేటెంటు వచ్చింది. అయినా, గుణం పెరగకుండా పాత మందునే కాస్త మార్చి కొత్త పేటెంటు అడిగితే కుదరదని సెక్షన్ 3(డి)లో రాశారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు గ్లీవెక్‌కి పేటెంటు కాదన్నది ఆ సెక్షన్ మీదే. లంకెలపాలెం టీకొట్టు టీవీలో ఆ వార్త చూశాం.

"అయితే నా బిళ్ళ ఆగదు కదల్లుడూ?" అన్నాడు మావయ్య. ఆ పూట అందరికీ టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

రెండేళ్ళకి ఆ బిళ్ళ పనిచేయడం మానేసింది. డసాటినిబ్ వాడాలన్నారు. దానికి పేటెంటు ఉంది. నెలకి లక్ష పైమాటే. ఆపరేషన్లకి ఆదుకునే ఆరోగ్య కార్డు ఈ బిళ్ళకి అక్కరకు రాలేదు. అత్త పుస్తెలతాడు సహా తాకట్టు పెట్టి రెండు నెలల మందు కొంది.

"ఏటల్లుడూ, ఊరి చుట్టూ మందుల కంపెనీలే. నాకు మందు లేదేటి?"

చేయడం మనవాళ్ళకి రాక కాదు, చట్టం ఒప్పుకోక. ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

2016లో మావయ్య పోయాడు. 2020 ఏప్రిల్‌లో డసాటినిబ్ పేటెంటు గడువు తీరింది.

దారి లేకపోలేదు. జనానికి అందని ధరలో ఉన్న మందుని మరొకరు చేసుకునేలా లైసెన్సు ఇవ్వొచ్చని పేటెంట్ల చట్టం సెక్షన్ 84 చెబుతోంది. 2012 మార్చిలో క్యాన్సర్ మందు నెక్సవార్ మీద హైదరాబాద్ నాట్కోకి అలాగే ఇచ్చారు. నెలకి 2,80,000 రూపాయల మందు 8,880కి దిగింది. డసాటినిబ్ కోసమూ ఒక కంపెనీ అడిగింది. ముందుగా పేటెంటుదారుతో సరిగా మాట్లాడలేదని 2013లో తిప్పి పంపారు. ఆ సెక్షన్‌ను ప్రభుత్వం మళ్ళీ వాడాలి. నెలనెలా మింగే బిళ్ళల ఖర్చునీ ఆరోగ్య కార్డులో చేర్చాలి.