రెండు రూపాయల వడ్డీకి ఇంజనీరింగ్ సీటు

చదువుల విషయంలో మా ఇంట్లో మేనమామ మాటే వేదం. 2008లో నా ఎంసెట్ ర్యాంకుకు వరంగల్‌లోనే మెకానికల్‌లో కన్వీనర్ సీటు వచ్చేది. "అల్లుడా, ఈడ మెకానికల్ చదివి ఏం జేస్తవ్? హైదరాబాద్‌ల కంప్యూటర్స్ తీస్కో. పెట్టిన పైసలు నాలుగేండ్లల్ల ఎల్లుతయ్" అన్నాడు. ఎనుమాముల మార్కెట్లో గుమాస్తాగా చేసే మా నాన్న ఆ మాటకు తలూపాడు.

సరిగ్గా ఆ ఏడాదే బీసీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. మేం తీసుకున్న మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అది వర్తించదని మామకు తెలియదు, మాకూ తెలియదు. ఏడాదికి 75 వేల ఫీజు ఎలాగో చిట్టీలు ఎత్తి కట్టాం. అసలు దెబ్బ డొనేషన్ దగ్గర పడింది. 2 లక్షలు, రసీదు లేదు. రసీదు లేనిదానికి బ్యాంకు అప్పివ్వదు. అందుకే నాన్న తను పనిచేసే అడ్తి సేటు దగ్గరే నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాశాడు.

నోటుకు చట్టప్రకారం మూడేళ్లే ప్రాణం. గడువు ముగిసేలోపు తిరగరాయించుకుంటారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. నెలకు 4 వేల చొప్పున మూడేళ్ల వడ్డీ 1,44,000. 2011లో కొత్త నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద నాన్న సంతకం పెట్టే సమయానికి అసలే 3,44,000 అయింది. వడ్డీ నెలకు 6,880కి ఎక్కింది. 2014 నాటికి తేలిన మొత్తం 5,91,680 రూపాయలు. మధ్యలో నేను డిగ్రీ పూర్తిచేసి, 14 వేల జీతానికి చేరాను. హసన్‌పర్తి దగ్గరి 200 గజాల ప్లాటు అమ్మితే గానీ ఆ నోటు చిరగలేదు. ఆ ప్లాటు ఇప్పుడు గజం ఎంత పలుకుతోందని మా ఇంట్లో ఎవరూ అడగరు. పండక్కి మామ వచ్చినప్పుడు నేనే అడుగుతా. ఆయన టీవీ సౌండ్ పెంచుతాడు.

2025లో మా అక్క బిడ్డకు ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది. మామ మళ్లీ అదే పాట: హైదరాబాద్, సీఎస్‌ఈ, మేనేజ్‌మెంట్ సీటు. ఈసారి డొనేషన్ 8 లక్షలు. 1983 చట్టం ప్రకారం క్యాపిటేషన్ ఫీజు నేరం. కాబట్టి ఇప్పుడూ రసీదు ఉండదు. "అందరూ ఇస్తున్నరు గదా తమ్మీ" అంది అక్క. నేను కాగితం తీశాను.

8 లక్షలకు నెల వడ్డీ 16 వేలు. మూడేళ్లకు 5.76 లక్షలు. నోటు తిరగరాస్తే అసలు 13.76 లక్షలు. నాలుగో ఏడు నెలకు 27,520 చొప్పున ఇంకో 3.30 లక్షలు. అంటే పిల్ల పట్టా చేతికి తీసుకునే రోజుకు డొనేషనొక్కటే 17.06 లక్షలు. ఫీజు ఏడాదికి లక్షన్నర, హాస్టల్‌కు లక్షా ఇరవై వేలు. నాలుగేళ్లకు అవి 10.8 లక్షలు. మొత్తం 27.86 లక్షలు.

ఇక్కడ వరంగల్‌లోనైతే ఈసీఈలో కన్వీనర్ సీటు వస్తోంది. ఫీజు లక్ష. పది వేలలోపు ర్యాంకైతే ప్రభుత్వం పూర్తి ఫీజు ఇచ్చేది. ఈమెకు 35 వేలే. మిగతా 65 వేలు మనవి. బస్సుకు 20 వేలు వేసుకున్నా నాలుగేళ్లకు 3.4 లక్షలు. తేడా 24.46 లక్షలు. ఉద్యోగంలో చేరిన ఐదేళ్లలో ఆ తేడా పూడాలంటే, హైదరాబాద్ సీటు నెలనెలా 40 వేలకు పైగా అదనంగా సంపాదించిపెట్టాలి. మొదటి జీతం నుంచే, ఒక్క నెల కూడా ఆగకుండా. పెద్ద ఐటీ కంపెనీలు మామూలు ఫ్రెషర్‌కు ఏళ్లుగా ఇస్తున్నదే ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ. చేతికొచ్చేది పాతిక వేలు. నోటు వడ్డీ 27,520. మామ ఈ రెండంకెలూ చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ చూసి, "ఫారిన్ పోతది గదా" అన్నాడు. దాని ఖర్చుకు ఇంకో కాగితం కావాలి.

వరంగల్ ఎన్‌ఐటీలో సీటు వస్తే ఈ లెక్కే వద్దు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ క్యాంపస్‌లో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపుంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 5 లక్షల లోపైతే మూడింట రెండొంతులు మాఫీ. ఆ గేటు ముందు నుంచి రోజూ ఆటోలో వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది తెలియదు. పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరడం ఇంకా చవక. ఆ పాలిటెక్నిక్ మాట మాత్రం మా అక్క వినలేదు.

చదువు ఖరీదని నేననను. కన్వీనర్ సీటు ఖరీదేమీ కాదు, బ్యాంకు లోనుతో తీరే ఫీజూ కాదు. రసీదు లేని డబ్బే ఖరీదు. మంచి కాలేజీలో ప్లేస్‌మెంట్లు బాగుంటాయన్నది నిజమే. అక్కడికీ దొడ్డిదారిన 8 లక్షలు పోసి వెళ్లడం దండగ.

చివరికి మేనకోడలు వరంగల్‌లోనే ఈసీఈలో చేరింది. మామ నాతో రెండు నెలలు మాట్లాడలేదు, నాకేం నష్టం రాలేదు.

కన్వీనర్ సీటు తీసుకున్నవాళ్లకు ఒక్క మాట. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. బకాయి రాకపోతే ఆ సొమ్ము మీరే కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామనే కాలేజీలు ఉన్నాయి. ఏడాదికి 35 వేల చొప్పున లక్షా నలభై వేలు, ప్రభుత్వం ఇస్తుందిలే అనుకోకుండా, ఇప్పటి నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి.