ఆఫ్రికా చదువు, మా నాన్న గుడి (6వ భాగం)



ఈమధ్య జూనియర్లు ఫోన్ చేసి అడుగుతున్నది ఒకటే. "అక్కా, ఎం.ఏ. ఆఫ్రికన్ స్టడీస్ ఏంటి? మన బాధలు మనకి సరిపోలేదా?" లండన్ వెళ్ళేముందు మా పల్లెలో కూడా ఇదే అడిగారు. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈరోజు సరిగ్గా చెప్తాను.

ముందు డబ్బు సంగతి. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది. మొత్తం 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. 2022లో దాని నిబంధనల్లో కొత్త మాట చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద చేసే సామాజిక అధ్యయనాలు, వీటికి స్కాలర్‌షిప్ వర్తించదు. అంటే మాల పిల్ల విదేశం పోయి ఇంజనీరింగ్ చదవొచ్చు, ఆఫ్రికా చదవొచ్చు. తన కులం గురించి మాత్రం ఆ డబ్బుతో చదవకూడదు. "ఆ రూల్ కళ్ళుగప్పి భలే వెళ్ళావు" అని కొందరు నన్ను మెచ్చుకుంటారు. సగం నిజమే. పైన ఆఫ్రికా పేరు పెట్టి లోపల కులం గురించే రాద్దామని వెళ్ళాను. మిగతా సగం చెప్పడానికే ఈ పోస్ట్.

వెళ్ళేటప్పటికి నాకు తెలిసిన ఆఫ్రికా ఎంత? హాస్టల్ గోడ మీద మండేలా బొమ్మ. స్టడీ సర్కిల్లో ఫానన్. వరవరరావు జైల్లో కూర్చుని తెలుగు చేసిన గూగీ నవల. ఇంకా, 1946లో బాబాసాహెబ్ డుబాయిస్‌కి రాసిన ఉత్తరం, 1972లో బ్లాక్ పాంథర్స్‌ని చూసి పుట్టిన దళిత పాంథర్స్. ఈ చివరి రెండూ అమెరికా సంగతులని కూడా నేను ఆలోచించలేదు. నాకు నల్లవాళ్ళంతా ఒకటే. మనల్ని "ఎస్సీలంతా ఒకటే" అని పైవాళ్ళు అంటే ఎంత మండుతుందో తెలిసిన నేనే అలా అనుకున్నాను.

మొదటి వారమే మా టీచర్ ఒక షరతు పెట్టింది. టర్మ్ అయ్యేదాకా "ఆఫ్రికాలో" అన్న మాటతో ఎవరూ వాక్యం మొదలుపెట్టకూడదు. ఏ దేశం, ఏ ఏడు, ఎవరు అన్నది చెప్పాలి. 54 దేశాలు. ఒక్క నైజీరియాలోనే 500కి పైగా భాషలు. తర్వాత మమ్దానీ 1996లో రాసిన 'సిటిజన్ అండ్ సబ్జెక్ట్' చదివించారు. పట్నాల్లో తెల్లవాళ్ళకి చట్టం, హక్కులు. పల్లెల్లో నల్లవాళ్ళ మీద మాత్రం తెల్లదొరలు నిలబెట్టిన పెద్దలు, వాళ్ళు చెప్పిన "ఆచారం". ఇదీ వలసపాలన పద్ధతి. అప్పట్నుంచి ఎవరైనా "ఇది మన ఆచారం" అంటే, ఏ పెద్ద చెప్పాడు, ఎవరి లాభానికి చెప్పాడు అని అడగటం అలవాటైంది.

ఆ తర్వాత ఓసుల గురించి చదివాను.

నైజీరియాలో ఇగ్బోల మధ్య ఓసులనే వాళ్ళున్నారు. ఒకప్పుడు దేవతకి అంకితమిచ్చిన మనుషులు, వాళ్ళ సంతానం. అప్పట్లో గుడి దగ్గరే ఉండాల్సి వచ్చేది. జుట్టు కత్తిరించుకోనిచ్చేవాళ్ళు కాదు. మిగతావాళ్ళతో పెళ్ళి కుదరదు, చేసుకున్నవాళ్ళూ ఓసులైపోతారు. అది చదువుతుంటే నాకు జోగిని గుర్తొచ్చింది, వెలివాడ గుర్తొచ్చింది. రాత్రికి రాత్రి వ్యాసం రాసిపడేశాను. ఓసు అంటే ఆఫ్రికా దళితుడు అని.

చాలా తక్కువ మార్కులొచ్చాయి. "పోలిక చెప్పావు. తేడా ఏది?" అని పక్కన రాసింది టీచర్. కోపమొచ్చింది. కానీ మళ్ళీ చదివితే తేడాలు కనబడ్డాయి. ఓసుకి పుట్టుకతో వచ్చే కులవృత్తి లేదు. మెట్టు కింద మెట్టులాగా వందల కులాల నిచ్చెన లేదు. ప్రాణభయంతో గుడిలో శరణుజొచ్చిన స్వతంత్రుడు కూడా ఓసు అయిపోయేవాడు. 1956లో తూర్పు నైజీరియా శాసనసభ చట్టం చేసి ఓసు పద్ధతిని రద్దు చేసింది. కానీ మనకున్నట్టు రిజర్వేషన్ లేదు, జనాభా లెక్కల్లో వాళ్ళకి గడి లేదు. లెక్కలో లేనివాడు నోరెలా తెరుస్తాడు? నేను వాళ్ళని చూడటానికి పోలేదు, వాళ్ళలో నన్ను చూసుకోడానికి పోయాను. అందుకే ఇవేవీ కనబడలేదు.

క్లాసులో ఒక ఇగ్బో అబ్బాయి ఉండేవాడు. మంచివాడు. వర్ణవివక్ష గురించి మాట్లాడితే నిప్పు. ఓసు మాట రాగానే, "అది పాత కథ, చట్టం ఎప్పుడో తీసేసింది, ఎక్కడో పల్లెల్లో తప్ప లేదు" అన్నాడు. హైదరాబాద్ క్యాంపస్‌లో నేను వంద సార్లు విన్న మాట. "మీ ఇంట్లో చేసుకుంటారా మరి?" అన్నాను. కాసేపు ఊరుకుని, "అమ్మ ఒప్పుకోదు" అన్నాడు. తర్వాత అడిగాడు, "మీలో మీకు అలాంటివి లేవా?"

"మేమంతా దళితులం" అన్నాను. అనగానే నా నోరు నాకే చేదుగా అనిపించింది.

ఎందుకో చెప్తా. మాది గుంటూరు జిల్లా, లూథరన్ గుడి. ఆ మిషన్ గుంటూరుకి వచ్చింది 1842లో. ఒంగోలు వైపు బాప్టిస్టులు. 1878లో క్లౌ దొర దగ్గర వేలమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నారు. మా ప్రాంతంలో లూథరన్ అంటే ఎక్కువగా మాలలు, బాప్టిస్ట్ అంటే ఎక్కువగా మాదిగలు. ప్రభువు ఒక్కడే, గుళ్ళు రెండు. నేను లండన్‌లో ఉండగానే మా తమ్ముడు ఒక మాదిగ అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఆ అమ్మాయి ప్రైవేటు స్కూల్లో టీచర్. మా నాన్న సంఘ పెద్ద. వద్దన్నాడు. తమ్ముడు నాకు ఫోన్ చేసి "అక్కా, నువ్వు చెప్పు" అన్నాడు. పరీక్షలున్నాయి అన్నాను. ఎదురుగా పుస్తకం తెరిచే ఉంది.

ఆ పుస్తకం అచెబె 'నో లాంగర్ ఎట్ ఈజ్', 1960 నాటిది. ఇంగ్లండులో చదువుకొచ్చిన ఓబి, ఓసు అమ్మాయి క్లారాని చేసుకుంటానంటాడు. వాళ్ళ నాన్న ఐజాక్ క్రైస్తవుడు. అచెబె మొదటి నవలలో తండ్రిని కాదని చర్చిలో చేరిన కుర్రాడు ఈయనే. ఆ చర్చి ఓసులకి తలుపు తీసిన చర్చి. ఆ కుర్రాడే ముసలివాడై ఓసు కోడలు వద్దంటున్నాడు. ఆ పేజీల్లో ఇంగ్లీషు మాటలు నాకు మా నాన్న గొంతులో వినబడ్డాయి.

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. నాన్న అరవలేదు. "బైబిల్లో లేదని నాకు తెలుసమ్మా. రేపు గుళ్ళో నా పక్కన ఎవడు కూర్చుంటాడు?" అన్నాడు. "ఎవరూ కూర్చోకపోతే నేను కూర్చుంటా నాన్నా" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆఫ్రికా చదవండి. ఏ దేశమైనా చదవండి. మన మీద మనం చదవకూడదన్న రూల్ మీద కొట్లాడండి, ఆ రూల్ తప్పే. కానీ పక్కవాడి బాధని మన పోస్టర్‌కి బొమ్మలాగా వాడుకోడానికి మాత్రం వెళ్ళొద్దు. వాళ్ళ చరిత్ర వాళ్ళదిగా చదవండి. అలా చదివితేనే మనల్ని అడగాల్సిన ప్రశ్న కూడా అందులోంచి వస్తుంది. నాకు వచ్చింది, ఆలస్యంగా.

వచ్చే నెల తమ్ముడిది రిజిస్టర్ పెళ్ళి. అమ్మ వస్తానంది. నాన్న ఇంకా ఏమీ అనలేదు. సాక్షి సంతకం నాది.

జై భీమ్.